మూఢం పోయేదాకా విప్పని పెట్టె

2024 వేసవి. శ్రీకాకుళంలో అరసవల్లి వెళ్లే దారిలో నాకు చిన్న ఫ్రిజ్ రిపేరు షాపు. చదివింది అయిదో తరగతే గానీ, ముప్పై ఏళ్లలో ఏ ఇంట్లో ఏ ఫ్రిజ్జుకి ఏ రోగం వచ్చిందో అడిగితే ఇప్పటికీ చెప్పగలను. ఈ ఒక్క మిషను సంగతి మాత్రం ఎవరూ అడక్కపోయినా గుర్తొస్తూనే ఉంటుంది.

ఆ మే నెలలో ఒక ఇంట్లో ఫ్రిజ్జుకి గ్యాస్ ఎక్కించి బయటికి వస్తుంటే, పక్క వాటాలో కొత్తగా దిగిన ఎర్రయ్య పిలిచాడు. సముద్రం మీద చేపల వేటతో బతికినవాడు. అంతకు ముందు ఏడు అతని అన్న వేటకెళ్లి తిరిగి రాలేదు. అప్పట్నుంచి ఎర్రయ్యని పడవెక్కనిచ్చేది లేదని భార్య నూకాలమ్మ పట్టుబట్టింది. పడవ, ఇంజను, వలలు అన్నీ అమ్మేసి, ఫోన్‌లో వచ్చిన ప్రకటన నమ్మి వాళ్లు వెండింగ్ మిషను కొన్నారు. అది బీరువా లాగుంటుంది. డబ్బులేసి బటన్ నొక్కితే చల్లటి కూల్‌డ్రింకు సీసా దానంతటదే కింద పడుతుంది. మిషను మీరు కొనండి, ఆస్పత్రిలోనో కాలేజీలోనో చోటు మేం చూపిస్తాం, ఇంట్లో కూర్చుని తినండి అన్నారట ఆ కంపెనీవాళ్లు.

లోపలికెళ్తే గది మధ్యలో నిలువెత్తు చెక్కపెట్టె ఉంది. ఒక్క మేకు కూడా తియ్యలేదు.

"ఏటి ఎర్రయ్యా, ఇంకా ఇప్పనేదా?"

"మూఢం కదా మేస్త్రీ. దీని మీదే మా బతుకు. మంచిరోజు సూసి కొబ్బరికాయ కొట్టి ఇప్పుదామని నూకాలు అంటన్నాది."

"కంపెనీవోలు ఏటన్నారు?"

"శానా మంచోలు మేస్త్రీ. పెట్టె దిగిన పూటే మిగిలిన డబ్బు పంపించీసినాను. 'సెంటిమెంటు ఉంటే ఆగండి సార్, తొందరేం లేదు' అన్నారు."

అప్పుడు నేనన్న మాట ఇదీ: "మంచి పని సేసేరు. మూఢంలో ముట్టుకోకండి."

మాయమాట కాదు, మనస్ఫూర్తిగానే అన్నాను. మా వైపు బోరు వెయ్యాలన్నా, బండి కొనాలన్నా పంతులుగారు రోజు చెప్పాలి. ఆ మూఢం పోయేసరికి ఆషాఢం పడింది. ఆషాఢంలో ఎవరు మొదలెడతారు? శ్రావణం వచ్చాక ఒక శుక్రవారం నూకాలమ్మ ఫోన్ చేసింది.

"అన్నయ్యా, లైటు ఎలుగుతన్నాది గానీ సల్లబడ్డం నేదు. ఓపాలి వస్తావేటి?"

వెళ్లేసరికి మిషనుకి పసుపు, కుంకుమ, మామిడాకుల తోరణం. కింద కొబ్బరి చిప్పలు. వెనక రేకు విప్పాను. చల్లదనం పుట్టించేది కంప్రెసర్, ఫ్రిజ్జుకి గుండెకాయ లాంటిది. అది ఎప్పుడో బిగుసుకుపోయింది. గోటితో గీస్తే కొత్త రంగు పెచ్చు ఊడి కింద తుప్పు కనిపించింది. ఏ కంపెనీదో తెలిపే రేకుని ఎవరో ఆకురాయితో అరగదీశారు. పాతదాన్ని బాగుచేసి అమ్మితే మా పనిలో రిఫర్బిష్డ్ అంటారు. ఇది బాగు కూడా చెయ్యలేదు, రంగేశారంతే.

నూకాలమ్మ పసుపు రాసిన రూపాయి బిళ్ల వేసి చూపించింది. అది తిన్నగా జారి కింద గిన్నెలో పడింది. ఇంకో దేశం బిళ్లల కొలతకి చేసిన మిషను అది.

"మన రూపాయి దీనికి ఆనడం నేదేటి అన్నయ్యా?" అని నవ్వబోయి నా మొహం చూసి ఆగిపోయింది.

కంపెనీ నంబరు మోగడం లేదు. "ఇజీనారంలో ఇలాంటి మిషనే కొన్నాయన ఉన్నాడు. కొనకముందు ఆయనతో మాట్లాడినాను, బాగా నడస్తందన్నాడు" అన్నాడు ఎర్రయ్య. ఆ నంబరూ కంపెనీ ఇచ్చిందే. దానికి నేనే ఫోన్ చేశాను.

"బాబూ, మీ మిషను గంటస్తంభానికి ఏ వేపు?"

"ఏ గంట సార్?" అన్నాడు. విజయనగరంలో ఉంటూ గంటస్తంభం తెలియనివాడు! మరో మాట అడిగేలోగా పెట్టేశాడు. కంపెనీ చోటు చూపిస్తామన్న ఆస్పత్రి క్యాంటీన్‌కి వెళ్లి అడిగితే, మిషను పెడతామని తమనెవరూ అడగనే లేదన్నారు. ఈ రెండు పనులూ డబ్బు కట్టకముందు చెయ్యాల్సినవి.

పోలీస్ స్టేషన్‌లో కాగితాలు చదివి వినిపించారు. పెట్టె అందిన రెండు రోజుల్లో లోపముందని చెప్పకపోతే మిషను బాగున్నట్టే లెక్కని చిన్న అక్షరాల్లో ఉందట. 'తొందరేం లేదు' అన్నవాళ్లు రాయించుకున్న మాట అది. సైబర్ మోసాల నంబరుకీ అక్కణ్నుంచే ఫోన్ చేయించారు. అవతల మాట్లాడిన అమ్మాయి డబ్బు ఎప్పుడు పంపారని అడిగింది.

"మే నెలలోనమ్మా" అన్నాడు ఎర్రయ్య.

"ఆ రోజో మర్నాడో చెప్పి ఉంటే బ్యాంకులో ఉండగానే ఆపే వీలుండేదండీ. ఇప్పటికి ఎన్ని ఖాతాలు మారిపోయిందో" అంది. అయినా ఫిర్యాదు రాసుకున్నారు. ప్రకటన ఫొటో, డబ్బు పంపిన మెసేజీలు, కాగితాలు అన్నీ ఇచ్చి వచ్చాం. ఇవాళ్టికీ ఏ కబురూ లేదు.

వినాయక చవితి వెళ్లాక నూకాలమ్మ షాపుకొచ్చింది, మిషనుని పాతసామాన్ల వాడికి వెయ్యడానికి ఎవరినైనా చూడమని.

"ఎర్రయ్య ఏడమ్మా?"

"గుజరాత్ ఎల్పోనాడు అన్నయ్యా. ఎవులిదో బోటు మీద కూలికి. మన పడవైతే సందేలకి ఒడ్డు కనిపించీది. అక్కడ నెల్ల తరబడి నీల మీదేనంట."

"నేనారోజు మూఢమని సెప్పకుండా ఉంటే..."

"నువ్వు మంచికే సెప్పేవు. నాకూ అలాగే తోసింది కదా" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు ఎవరింటికి కొత్త మిషను వచ్చినా, తెచ్చిన ఆటో కదలకముందే విప్పించి కరెంటు పెట్టి చూడమంటాను. పూజ తర్వాత చేసుకోండి, అనుమానం వస్తే ఆ గంటలోనే ఫిర్యాదు చెయ్యండి, దానికి ఏ రోజైనా మంచిరోజే అంటాను. కొందరు వింటారు. కొందరు పంచాంగం చూసి వస్తామంటారు. వాళ్లని ఏమనడానికీ నాకు నోరు రాదు. ఆ మే నెలలో ఎర్రయ్య గదిలో నిలబడ్డప్పుడు నా సంచిలో సుత్తి ఉంది, స్క్రూడ్రైవరు ఉంది, కరెంటు చూసే మీటరు ఉంది. విప్పి చూడ్డానికి పావుగంట పట్టేది.