రెండుసార్లు లాగి చూసే మా అత్తగారు

మా అత్తగారు పోయారన్న కబురు నాకు ఫ్యాక్టరీలో అందింది. పనిలో ఉన్నప్పుడు ఫోన్లు లాకర్లో పెట్టాలి కనుక మా ఆయన మా ఫ్యాక్టరీ ఆఫీసుకి ఫోన్ చేశారట. సూపర్‌వైజరమ్మాయి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, "అక్కా, మీ అత్తగారు పొద్దున్న టీ తాగి పడుకున్నారటండీ, మరి లేవలేదట" అంది. నా నోట్లోంచి ముందు వచ్చింది ఏడుపు కాదు. "చూశారటా, విన్నారటా?" అని అడిగాను. పాపం ఆ పిల్ల బిత్తరపోయింది.

అది మా అత్తగారి మాట. పెళ్ళి కుదిరిందన్నా, చేపల రేటు పెరిగిందన్నా, ఎవరో పోయారన్నా, కబురు మోసుకొచ్చినవాళ్ళని ఆవిడ ముందు అడిగేది అదే: "చూశావా, విన్నావా?" విన్నానంటే, "అయితే చూసొచ్చి చెప్పు" అనేవారు. ఆ రోజు నేను దెందులూరు నుంచి మండవల్లి పక్కనున్న మా ఊరికి బస్సులో వెళ్ళి, వసారాలో పడుకోబెట్టిన ఆవిడ్ని చూశాను. అప్పుడు నమ్మాను.

అనుమానం పెనుభూతం అంటారు పెద్దలు. మా ఇంట్లో మాత్రం అది పెంపుడు కుక్కలాగా ఉండేది. మొరిగి విసిగించేది, ఇల్లూ కాసేది. ఊళ్ళో కొందరు ఆవిడకి వెనకాల అనుమానాలమ్మ అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. "పెట్టుకోనీ. నమ్మకాలమ్మ అని పేరుంటే ఈపాటికి ఇంటి పెంకులు కూడా ఎత్తుకుపోయేవోళ్ళు" అనేవారు.

మా పెళ్ళిలో మూడు ముళ్ళూ పడి అందరూ అక్షింతలు వేస్తుంటే, వెనక నుంచి ఎవరో నా మెడలో పసుపుతాడు పట్టుకుని లాగారు. ఒకసారి, మళ్ళీ ఒకసారి. తిరిగి చూస్తే మా అత్తగారు. "మావాడి ముడి నాకు తెలుసమ్మా. చెరువులో పడవకి కట్టినా వాడు ఇటు తిరిగేలోగా ఊడిపోద్ది" అని తానే ఇంకాస్త బిగించారు. పురోహితుడు మంత్రం ఆపి మరీ నవ్వాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఈ ఇంట్లో ఎలా బతకాలిరా భగవంతుడా అనుకున్నాను.

తాళం వేసినా, సంచి మూతి కట్టినా, ఆటో ఎక్కి కడ్డీ పట్టుకున్నా ఆవిడ రెండుసార్లు లాగి చూసేవారు. రెండుసార్లెందుకండీ అని ఒకసారి అడిగాను. "మొదటిసారి తాళం కోసం. రెండోసారి మన కోసం. ఒకసారి లాగి బావుందనుకున్నాక మనకి గర్వం వస్తది. ఆ గర్వాన్ని కూడా లాగి చూడాలి" అన్నారు.

ఈ గుణం ఊరికే రాలేదు. కొల్లేటి పక్కనున్న మా పొలంలో మామగారు చేపల చెరువు తవ్వించి లీజుకిచ్చారు. తీసుకున్నాయన తేనె పూసి మాట్లాడేవాడు. "అక్కగారూ, నేను ఈ గట్టు మీదే ముసలాణ్ణి అయిపోతానండీ" అనేవాడట. మామగారు మురిసిపోయారు. అత్తగారు గట్టు చుట్టూ తిరిగొచ్చి, "అంతా అరిటేనండీ. ఒక్క కొబ్బరి మొక్క లేదు" అన్నారట. మా వైపు చెరువు గట్లు చూసినవాళ్ళకి ఆ మాట వెంటనే తెలుస్తుంది. సొంతదారైతే కొబ్బరి వేస్తాడు, కాపు వచ్చేదాకా ఉంటాడు కనుక. లీజుదారు అరిటి వేస్తాడు, ఏడాదికల్లా గెల కోసుకుని పోవచ్చు. గడువింకా ఉండగానే ఆయన ఒక పొద్దున ఇంజన్లనీ, వలల్నీ, కాపలా పాక మీది రేకుల్నీ లారీకెక్కించుకుని వెళ్ళిపోయాడు. మామగారు ఆ గట్టు మీద కూర్చుని చాలాసేపు లేవలేదట. ఆ తరవాత అత్తగారు ఎవరి గడపకి వెళ్ళినా ముందు పెరట్లో ఏం వేశారో చూసేవారు.

నేను డిప్లొమా చదివాను. ఇక్కడ పని దొరక్క చెన్నై దగ్గర ఒక ఫ్యాక్టరీలో చేరాను. బ్యాటరీ కార్లలో బ్యాటరీ నుంచి మోటారుకి కరెంటు మోసే లావుపాటి నారింజ రంగు తీగలుంటాయి. వాటిని కత్తిరించి, చివర్లు బిగించి, కట్టలు కట్టే పని మాది. బిగించిన ప్రతి రకాన్నీ మిషను మీద లాగి చూస్తామండీ అని చెప్పినప్పుడు మా అత్తగారి ముఖం వెలిగిపోయింది. "లాగి చూసినందుకు జీతమిస్తారా!" అన్నారు. పెట్రోలుతోనూ కరెంటుతోనూ నడిచే కార్లకి కూడా మేమే చేస్తామన్నాను. "రెండు పడవల మీద కాళ్ళేసిన కారన్నమాట. నువ్వు మాత్రం అందులో ఎక్కమాకు" అన్నారు.

మా ఆయన చేపల లారీ మీద కలకత్తా తిరిగేవారు. మా అమ్మాయి నానమ్మ పక్కలోనే పెరిగింది. నేను సెలవుకి వచ్చి జడ వేస్తానంటే, "నువ్వు వదులుగా వేస్తావమ్మా, నానమ్మ గట్టిగా వేస్తుంది" అని అటు పరిగెత్తేది. నేను పెరట్లోకి వెళ్ళి ఏడ్చుకునేదాన్ని.

అలాంటప్పుడు ఒక కబురు వచ్చింది. అప్పటిదాకా పరాయి దేశం నుంచి ఓడల్లో తెప్పించుకునే కారు భాగాల్ని ఇక మన దగ్గరే చేయిస్తారని, దెందులూరు దగ్గర హైవే పక్కన ఒక కంపెనీ పెద్ద షెడ్డు వేస్తోందని. 'మన పనులు మన ఇంటికి తిరిగొస్తున్నాయి' అని ఫ్లెక్సీలు కట్టారు. అనుభవం ఉంది కనుక నన్ను రమ్మన్నారు. కానీ చెన్నైలో నాది పర్మనెంటు ఉద్యోగం. దాన్ని వదిలి వచ్చాక ఇది మూతపడితే అక్కడ మళ్ళీ తీసుకోరు. రాకపోతే పిల్ల నాకు చుట్టం అయిపోతుంది. మా అత్తగారు ఏలూరులో ఆ ఫ్లెక్సీ కింద నిలబడి నాచేత చదివించుకున్నారు. "తిరిగొస్తన్నాయంటే ముందు వెళ్ళాయనేగా. ఒకసారి వెళ్ళిన కాళ్ళకి దారి తెలుసు" అన్నారు.

చేరబోయేవాళ్ళ కుటుంబాలని పిలిచి ఫ్యాక్టరీ చూపించారు. తాడేపల్లిగూడెం నుంచి కూడా ఆడపిల్లలు తల్లుల్ని వెంటపెట్టుకుని వచ్చారు. అందరూ మిషన్ల దగ్గరా, క్యాంటీన్ దగ్గరా ఆగి ఫోటోలు తీసుకుంటున్నారు. మా అత్తగారు మాత్రం పోర్టికో ముందు బండల మీద వరసగా పెట్టిన సిమెంటు కుండీల్ని చూస్తూ ఉండిపోయారు. మేనేజరుగారు మైకు పట్టుకుని, "ఇది మీ సొంతిల్లు అనుకోండి. మేము ఎక్కడికీ వెళ్ళం" అన్నారు. ఆవిడ నా చెవిలో, "అడక్కుండా ఎక్కడికీ వెళ్ళనన్నోడి చెప్పులు ఎటు తిరిగున్నాయో చూడు" అన్నారు. నాకు నవ్వొచ్చింది, భయమూ వేసింది.

తరవాత టీలు ఇస్తున్నప్పుడు ఆవిడ తిన్నగా మేనేజరుగారి దగ్గరకే వెళ్ళారు. "బాబుగారూ, ఇంత స్థలం ఉందిగదండీ, ఒక్క కొబ్బరి మొక్కన్నా వెయ్యలేదేంటండీ?"

ఆయన మంచాయన. నవ్వుతూనే చెప్పారు. "స్థలం లీజుదండీ అమ్మగారూ. నేలలో వేస్తే రేపు తియ్యడం ఇబ్బంది. కుండీలైతే ఎక్కడికైనా పట్టుకెళ్ళొచ్చు."

మైకులో చెప్పనిది ఆయన టీ కప్పు పట్టుకుని చెప్పేశారు. ఏం చెప్పారో ఆయనకే తెలీదు. అత్తగారు నా వైపు చూశారు. చూశావా నేను చెప్పలేదూ అన్న చూపు కాదది. నిజంగా బాధపడ్డారు. బయటికి వస్తూ తోటమాలి దగ్గర ఆగారు. "ఏవయ్యా, ఆ చివర నందివర్ధనం చూడు, బండ కాలి వాడిపోతంది. దించి మట్టి మీద పెట్టు, చల్లగా ఉంటది" అన్నారు. అతను "ఆయ్, అలాగేనండీ" అని అప్పుడే దించాడు. నా ఏడుపులో నేనుండి అదేమీ పట్టించుకోలేదు.

బస్సెక్కాక, "అయితే నన్ను రావద్దంటారా అత్తయ్యగారూ?" అని అడిగాను.

"రావద్దని ఎవరన్నారు? అరిటిపండు తినమా ఏంటి?" అన్నారు. "వచ్చి చేరు. కొబ్బరి అనుకుని చేరమాకు, అరిటి అనుకుని చేరు. చేతికొచ్చిన గెల కోసుకో. పనంతా నేర్చుకో. వాళ్ళు కుండీలు పట్టుకెళ్తారు, నీ చేతుల్లో పని పట్టుకెళ్ళలేరుగా. ఈలోగా పిల్ల నీ దగ్గర పెరుగుద్ది." కిటికీలోంచి చూస్తూ, "నాదీ లీజేగా" అన్నారు.

చెన్నైలో రాజీనామా ఇచ్చి వచ్చేశాను. ఆ నిర్ణయం నాదేనని నలుగురికీ చెప్పుకున్నాను గానీ, నన్ను ఇంటికి తెచ్చింది కంపెనీ కాదు, కంపెనీని నమ్మని మనిషి. మా అమ్మాయికి ఇప్పుడు జడ నేనే వేస్తాను. కొత్తలో నేను వేశాక నానమ్మ వచ్చి జడ చివర పట్టుకుని రెండుసార్లు లాగి చూసి, "ఊఁ, ఫరవాలేదు" అనేవారు. నాకు కంపెనీ ఇచ్చిన మెచ్చుకోలు కాగితం కంటే ఆ 'ఫరవాలేదు' ఎక్కువ.

రోజూ సాయంత్రం నేను చెప్పులు విప్పుతుండగానే లోపలినుంచి ఒకటే ప్రశ్న. "కుండీలున్నాయా?" ఉన్నాయండీ అనేదాన్ని. "చూశావా, విన్నావా?" చూశానండీ. అప్పుడు కాఫీ వచ్చేది.

ఆవిడ పోవడానికి కొద్దిరోజుల ముందు లైన్లో గుసగుసలు మొదలయ్యాయి. ఆర్డర్లు తగ్గాయని, కొన్ని మిషన్లు వేరే రాష్ట్రానికి వెళ్తాయని. మేనేజరుగారు మళ్ళీ మైకు పట్టుకుని ఎక్కడికీ వెళ్ళం అన్నారు. ఈసారి ఆయన కాళ్ళవైపు నేనే చూశాను. ఆ సాయంత్రం అత్తగారికి అంతా చెప్పాను. ఆవిడ కంగారు పడలేదు. "గెల ఎంతదాకా కోశావు?" అన్నారు.

"లాగి చూసే బల్ల మొత్తం నాదేనండీ. కొత్తగా చేరినవాళ్ళకి నేనే నేర్పుతున్నాను."

"అయితే పడుకో" అన్నారు.

పెద్దకర్మ అయ్యాక మళ్ళీ పనిలోకి వెళ్ళాను. గేటు దాటగానే ఆగిపోయాను. పోర్టికో ముందు బండలు ఖాళీగా ఉన్నాయి. తోటమాలి కుండీల్ని ట్రాలీ మీద ఎక్కిస్తున్నాడు.

"ఎక్కడికండీ?" అన్నాను.

"గోడలకి రంగులేస్తన్నారండీ. అయ్యాక మళ్ళీ పెట్టేయమన్నారు."

"చూశారా, విన్నారా?"

"విన్నానండీ" అన్నాడు అమాయకంగా. తరవాత చివరి కుండీ చూపించాడు. "ఇదొక్కటే రావట్లేదండీ. అడుగు కన్నంలోంచి వేరు భూమిలోకి దిగిపోయింది. అప్పుడో పెద్దమ్మగారు మట్టి మీద పెట్టమన్నారే, అదేనండీ. ఆవిడ బాగున్నారాండీ?"

నేను మొక్క వైపు తిరిగాను. నందివర్ధనం నా భుజం దాకా ఎదిగి, చెట్టంతా పూసి ఉంది. మొక్క వాడిపోతుందని చెప్పారా, ఇలా అవుతుందని తెలిసే చెప్పారా? అడుగుదామంటే మనిషి లేరు. షిఫ్టు బెల్లు కొట్టారు. నేను వంగి కుండీ అంచు రెండు చేతులా పట్టుకుని లాగాను. రాలేదు. చేతులు చీరకి తుడుచుకుని రెండోసారి గట్టిగా లాగాను. కుండీ నిలువునా బీట వారింది. మొక్క కదల్లేదు.