ముందు సీటు కమ్మి

నగరి నుంచి తిరుపతి వెళ్లే పొద్దుటి బస్సంటే నాకు ఇప్పటికీ ఆ అక్కే గుర్తొస్తుంది. మగ్గం మీద తెగిన పోగులు ముడివేయడం ఆమె పని. నేసిన చీరలు అంగడికిచ్చేందుకు వారానికోసారి వచ్చేది. పక్కన ఎవరు కునికినా, వాళ్ల నుదురు ముందు సీటు కమ్మికి కొట్టుకోకుండా తన చెయ్యి అడ్డం పెట్టేది.

నేను ఆమె పక్క సీట్లో గ్రంథాలయం పుస్తకం ఒళ్లో పెట్టుకుని నిద్రపోయేవాణ్ణి.

"నిద్రపోయేదానికి పుస్తకమెందుకబ్బా, దిండు తెచ్చుకోరాదా?" అనేది.

"సదివింది తలకెక్కాలంటే నిద్ర కావాలక్కా" అనేవాణ్ణి గొప్పగా.

ఒకరోజు పుత్తూరు దాటాక మా బస్సు ముందున్న లారీని గుద్దింది. మెలకువ వచ్చేసరికి నా నుదురు ఆమె చేతి మీదే ఉంది. నాకు కాస్త వాపు, అంతే. కమ్మికీ నా తలకీ మధ్య నలిగి ఆమె వేళ్లు రెండు విరిగాయి. ఆమె కంట నీరు రాలేదు. "పోగు ముడేసేదానికి పనికొస్తాయా సార్?" అని మాత్రం డాక్టరును అడిగింది.

కట్టు విప్పిన రోజు నేనూ వెళ్లాను. అక్క ఆసుపత్రి బల్ల మీద కూర్చుని, కొంగులోంచి ఒక పోగు లాగి తెంపింది. రెండు కొసలూ కలపబోతే వేళ్లు వంగలేదు.

"మొరాయిస్తాండాయి సూడు" అని మళ్లీ పట్టింది.

ఈసారి ముడి పడింది. రెండు వైపులా లాగి చూసింది. ఊడలేదు.

అప్పుడు ఏడ్చింది అక్క.