బరువు పెరిగిన డబ్బా

రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఒక జనవరిలో, నన్ను పోర్ట్‌బ్లెయిర్ దగ్గరి ప్రోతరాపూర్‌లో నేల పరీక్షలకు వేశారు. అప్పుడు నేను సీనియర్ టెక్నికల్ అసిస్టెంటుని. ఏ లోతు మట్టి ఎంత నీరు పట్టి ఉంచి మొక్కకు ఇవ్వగలదో అంచనా కట్టడం నా పని. లోపలి పొరల్లో నీరు నిలవని తోటలకే ప్లాస్టిక్ షీటు పరిచిన నీటి కుంట మంజూరయ్యేది. వర్షాలు ఆగాక ఏప్రిల్ దాకా మా దీవుల్లో తోటలకు గండమే.

ఆఫీసులో మట్టి తేమ కొలిచే యంత్రం మూలపడి ఉండటంతో పాత పద్ధతే పట్టాను. జానెడు, మూరెడు, రెండు మూరల లోతుల నుంచి మట్టి తీసి, వేర్వేరు డబ్బాల్లో నింపి, పొద్దుతిరుగుడు మొలకలు పెంచాలి. నాలుగు ఆకులు వచ్చాక మట్టిని బాగా తడిపి, మైనపు కాగితం కప్పి, ఆపైన చుక్క నీరు పోయకూడదు. రోజూ తూచాలి. తగ్గిన బరువే మొక్క తాగిన నీరు. వాడిపోయిన మొక్క తెల్లారినా తేరుకోకపోతే, ఆ మట్టి ఇవ్వగలిగింది అయిపోయినట్టు.

డబ్బాలను అప్పలనర్సమ్మగారి వరండాలో పెట్టాను. ఆవిడ భర్త చేపల బోటు మీద వెళ్లేవారు. నేను మట్టి తీసిన, వాలులో ఉన్న మిరప తోట ఆవిడదే. బిందెలతో నీళ్లు మోసి నడుం పట్టేసిందని, కుంట రాకపోతే తోట మానేస్తానని అన్నారు.

రెండు మూరల లోతు మట్టి అంతా గులకరాళ్లే. దాని మొక్క అన్నిటికంటే ముందు వాడిపోవాలి. అదేమో నిటారుగా నిలబడింది. ఒక ఉదయం దాన్ని త్రాసులో పెట్టి, పుస్తకంలో నిన్నటి అంకె చూశాను. డబ్బా నిన్నటికంటే బరువుగా ఉంది. పక్క దుకాణం త్రాసు తెచ్చి మళ్లీ తూచాను. అదే మాట. పైన రేకుల కప్పు, బయట వాన లేదు. ఇన్నేళ్ల సర్వీసులో నీరు పోయని మట్టి బరువెక్కడం నేనెన్నడూ చూడలేదు.

ఆవిడనే అడిగాను. దాచలేదు.

“కాగితం ఎత్తి థోడా థోడా నీళ్లు పోసినాను బాబూ. టెస్టు అన్నావు గదా. మొక్క సచ్చిపోతే మా జమీన్ ఫెయిలైపోద్ది, కుంట రాదని డర్ వేసీసింది.”

మొక్క వాడిపోతేనే కుంట వస్తుందని చెప్పాను. నిజానికి మొదటి రోజే చెప్పాను. కానీ టెస్టు అన్న మాట విన్నాక మిగతాదేదీ ఆవిడ చెవికెక్కలేదు.

“అయితే నా చేతుల్తో నానే...” అని ఆవిడ గడప మీద కూలబడిపోయారు.

మళ్లీ మొలకలు పెంచేలోగా కుంటల జాబితా గడువు దాటిపోతుంది. కొలవని అంకె రాయలేను. పరీక్ష చెల్లదని రాసి పంపాను. ఆ ఏడు కుంట రాలేదు. మార్చికల్లా మిరప తోట మాడిపోయింది.

మరుసటి ఏడు డబ్బాలు ఆఫీసులోనే పెట్టాం. గులకరాళ్ల మట్టిలో మొక్క ముందుగా వాలిపోయింది, కుంట మంజూరైంది. కబురు చెబుదామని వెళితే ఇల్లు తాళం వేసి ఉంది. ఆవిడ తోట వదిలేసి రేవు అవతలి బాంబూఫ్లాట్‌లో చేపలు అమ్ముకుంటున్నారని పక్కవాళ్లు చెప్పారు.

ఆ తర్వాత ఏ తోటలోనూ నేను టెస్టు అన్న మాట ఎత్తలేదు. మొక్క వాడిపోతే ఏమొస్తుందో, నిలబడితే ఏం పోతుందో రైతు నోటితో తిరిగి చెప్పించుకున్నాకే మట్టి తీసేవాణ్ణి.