బదులు సీసాల వెంట మా వదిన

మా వదిన మంగళవారం పొద్దున ఆరు గంటలకు చంద్రపూర్‌లో చనిపోయింది. ముందురోజు సాయంత్రం కూడా మేడ మీది గదిలో కంప్యూటర్ క్లాసు చెప్పింది.

తొంభైల మధ్యలో తెరిచిందా గది. కంప్యూటర్ అంటే టైపు మిషన్‌కు టీవీ తగిలించినదని ఊళ్లో అనుకునే రోజులు. నేను అప్పటికే పత్రికలో చేరాను. వెళ్తే చాలు, "ఏం మరిదీ, వార్తకొచ్చినవా, చాయ్‌కొచ్చినవా?" అనేది. రెండింటికీ అంటే చాయ్ మాత్రం ఇచ్చేది.

డేటాబేసును ప్రశ్న అడగడం ఆమె విద్య. "దానికి తొవ్వ చెప్పకుర్రి. మీకేం కావాల్నో అది చెప్పుర్రి" అని పిల్లలతో అనేది.

మందుల హోల్‌సేల్ వ్యాపారి ఒకాయనకు ఆమె ప్రోగ్రాం రాసిపెట్టింది. చుట్టుపక్కల రాజురా, గడ్‌చాందూర్ మందుల దుకాణాల అమ్మకాల చిట్టాలు కూడా బస్సులో వచ్చి అందులో చేరేవి. సరుకు అయిపోతే పక్క దుకాణం నుంచి బదులు తెచ్చుకుని, తర్వాత తీర్చడం మా వైపు అలవాటు. దానికి బిల్లుండదు. అదీ మిషన్‌కు ఎక్కాలని వదిన పట్టుబట్టింది.

"ఏంది మేడం, పక్కింట్ల చాయ్‌పత్తి తెచ్చుకున్నా మీ మిషిన్‌కు చెప్పాల్నా?" అన్నాడు గడ్‌చాందూర్ దుకాణదారు.

"చాయ్‌పత్తి వద్దు. నరంల ఎక్కేది చెప్పుర్రి, సాలు."

ఒక వానాకాలం వాంతులు, విరేచనాలు ఊళ్లకు ఊళ్లను పట్టుకున్నాయి. అప్పుడే కబురొచ్చింది: ఒక బ్యాచ్ సెలైన్ చెడిపోయింది, ఎవరికీ ఎక్కించొద్దు. ఆ సీసాలు అప్పటికే ఎన్నో చేతులు మారాయి. వార్త కోసం వెళ్లి వదిన వెనక నిలబడ్డాను.

ఈ బ్యాచ్ ఎవరికి వెళ్లింది? వాళ్ల నుంచి ఎవరికి? ఎంత దూరం పోయిందో తెలియదు కాబట్టి, వచ్చిన జవాబునే మళ్లీ ప్రశ్నగా వేయాలి. వేసింది. మిషన్ ఆగలేదు. రాజురా ఇచ్చిన బదులును గడ్‌చాందూర్ అదే బ్యాచ్ సీసాలతో తీర్చింది. మిషన్ ఆ రెండింటి మధ్యే తిరుగుతోంది.

"ఇచ్చిపుచ్చుకునుడు మంచిదే గని, మిషిన్‌ను గానుగెద్దును జేసిండ్రు" అని నవ్వి, రెండు వరుసలు మార్చింది. ఒకసారి చేరిన దుకాణాన్ని మళ్లీ చేర్చకు. కొత్తది ఒక్కటీ చేరకపోతే ఆగు.

పేర్లు ఒకదాని కింద ఒకటి వచ్చాయి. చివరిది గుట్ట మీది జివతి. అక్కడి చిన్న దుకాణం గడ్‌చాందూర్ నుంచి బదులు తెచ్చుకుందే గాని, హోల్‌సేలర్ దగ్గర ఎన్నడూ ఏమీ కొనలేదు. ఆయనకు దాని పేరు కూడా తెలియదు. వరదలు రాశాను, గని ప్రమాదాలు రాశాను. ఇలాంటిది ఆ తెర మీదే మొదటిసారి చూశాను.

జివతిలో ఫోన్ లేదు. గడ్‌చాందూర్‌కు చేశాం. చాయ్‌పత్తి మాటన్న దుకాణదారే మంచి సీసా సంచిలో వేసుకుని, మోటార్‌సైకిల్ మీద గుట్టెక్కాడు. జివతి దుకాణంలో అడిగి వెళ్లేసరికి, ఒక రైతు ఇంట్లో చెడ్డ సీసా మేకుకు వేలాడుతోంది. కాంపౌండర్ ఆ ఇంటి కోడలి చేతికి నరం వెతుకుతున్నాడు. దుకాణదారు సమయానికి ఆపాడు. ఆమె బతికింది.

నేను రాసిన వార్తలో 'అద్భుతం' అనే మాటను వదిన కొట్టేసింది. "ఏం జరిగిందో రాయి మరిదీ. అద్భుతమో కాదో సదివేటోళ్లు చెప్తరు."

బుధవారం జివతి నుంచి ఆ కోడలు ఫోన్ చేసింది. ఇప్పుడామెకే కోడళ్లున్నారు.

"అక్క పోయిందని తెల్సింది. నన్ను దొర్కవట్టిన మిషిన్ ఇంకా ఉన్నదా అన్నా? ఒక్కసారి చూస్త."

ఉంది. ఇప్పుడు వెలగదు. వదిన కుట్టిన పూల తొడుగు కింద ఉంది. ఆదివారం మొదటి బస్సుకు ఆమె వస్తుంది. మేడ గది తాళం అన్నయ్య తీసి ఉంచుతాడు.