సగం గూడు దగ్గర లక్ష్మీకాంత్

ఆటోనగర్‌లో క్లచ్ ప్లేట్లమ్మే లక్ష్మీకాంత్‌కి ముప్ఫై మూడేళ్లు. ఆదివారం సాయంత్రాలు జనాన్ని వెంటేసుకుని, భవానీపురం దాటాక నది ఒడ్డున పిట్టల్ని చూపిస్తాడు, ఉచితంగా. పిట్టల పిచ్చోడికి పిల్లనెవరిస్తారని మూడు సంబంధాలు వెనక్కిపోయాయి.

మన వైపు పెళ్లిచూపులకి ముందు ఒక తంతు ఉంది. అమ్మాయి తరఫువాళ్లు ఫలానా అని చెప్పకుండా వచ్చి, పక్క కొట్టువాణ్ణీ టీ బండివాణ్ణీ కదిపి అబ్బాయి గురించి కూపీ లాగుతారు. దొంగల్ని పట్టేవాళ్లకి కూడా అంత ఓపికుండదు. శ్రావణమాసంలో ఒక ఆదివారం మధ్యవర్తి రామకోటేశ్వరరావు ఫోన్ చేశాడు.

"ఏమోయ్, ఇవాళ అక్షయ వాళ్లు నీ పిట్టల దగ్గరికే వస్తున్నారు. ఎవరొస్తారో చెప్పరట. ఒళ్లు దగ్గర పెట్టుకో."

లక్ష్మీకాంత్ వెంటనే ఇస్త్రీ చొక్కా తీశాడు. పోయిన మూడూ పోతే పోయాయి. ఈ నాలుగో సంబంధం అక్షయ మాత్రం అతని ఫొటో చూసి సంపాదనెంతని అడగలేదు, ఆయన వెనక కొమ్మ మీదున్నది ఏం పిట్ట అని అడిగిందట. ఇది తప్పితే అలా అడిగే మనిషి మళ్లీ దొరకదని అతని భయం.

నాలుగున్నరకి ఎనిమిది మంది పోగయ్యారు. ఏడుగురు కాలేజీ పిల్లలు. ఎనిమిదో మనిషి పట్టుచీర కట్టుకొచ్చిన రావమ్మ.

"ఏం చదివావు నాయనా?" అంది ఆవిడ రాగానే.

ఇంకేముంది, కూపీ లాగడానికొచ్చింది ఈవిడేనని తేల్చేశాడు లక్ష్మీకాంత్. ఆ క్షణం నుంచీ బైనాక్యులర్స్ ఆవిడ మెళ్లో, గొడుగు ఆవిడ నెత్తిన.

మడుగు మీదికి ఒరిగిన తుమ్మచెట్టుకి గిజిగాళ్ల గూళ్లు వేలాడుతున్నాయి. పసుపుపచ్చ తలపాగా చుట్టినట్టున్న మగపిట్ట ఒకటి సగం అల్లిన గూటికి తలకిందులుగా వేలాడుతూ, రెక్కలు టపటపలాడిస్తూ గోల పెడుతోంది. ఆడపిట్ట వచ్చి, ఒక పోచ లాగి చూసి, మొహం తిప్పుకుని పోయింది.

"సగం కట్టి పిలుస్తాడండీ. ఆవిడకి నచ్చితేనే మిగతా సగం," అని చెప్పి, లక్ష్మీకాంత్ రావమ్మ వైపు తిరిగాడు. "మా ఇల్లు మాత్రం పూర్తయిందండీ. తూర్పు గుమ్మం. రెండు పూటలా కుళాయి నీళ్లు."

"సంతోషం నాయనా. పిట్టేదీ?"

"అదిగోనండీ. కాఫీ తప్ప వేరే అలవాట్లు కూడా లేవు."

"పిట్టకా?"

"నాకండీ."

పిల్లలు పగలబడి నవ్వారు. అదెలా వేలాడుతోందో తనకి ఆనడం లేదంది రావమ్మ. అంతే, లక్ష్మీకాంత్ ముళ్లని కూడా చూసుకోకుండా కొమ్మ పట్టుకుని వేలాడి, రెండో చేత్తో రెక్క కొడుతూ కిచకిచమన్నాడు. గిజిగాడు తూగేది పాతిక గ్రాములు. ఇతను ఎనభై కిలోలు. కొమ్మ ఫెళ్లుమంది.

మడుగులోంచి లేచి, ఆగలేక అడిగేశాడు. "అమ్మాయికి ఏమని చెబుతారండీ?"

"ఏ అమ్మాయికి? డాక్టరు నడవమంటే వచ్చాను నాయనా."

అప్పుడు, చీకటి పడబోతుండగా, గుణదల నుంచి ఆటో వచ్చి ఆగింది. దిగింది అక్షయ, వాళ్ల తాత రత్తయ్య.

"ఆదివారం నాలుగున్నర నుంచి ఆరు దాకా రాహుకాలం కదమ్మా, అది పోయాకే గడప దాటాం. ఇంతకీ అబ్బాయెవరు?" అని రత్తయ్య రావమ్మనడిగాడు.

లక్ష్మీకాంత్ పిట్టల టైము చూసుకున్నాడు గానీ పంచాంగం చూసుకోలేదు.

"ఈ బురదబాబేనండీ," అంది రావమ్మ. "తూర్పు గుమ్మం, రెండు పూటలా నీళ్లు, కాఫీ ఒక్కటే అలవాటు. అడక్కుండానే అన్నీ చెప్పాడు, మంచివాడే."

అక్షయ నవ్వాపుకుంటూ, "పిట్టలేవండీ?" అంది.

"పడుకున్నాయండీ."

"సార్ చేసి చూపిస్తారు మేడమ్, ఇంకో కొమ్మ మిగిలే ఉంది," అన్నాడొక కుర్రాడు.

"వద్దులెండి. వచ్చే ఆదివారం ఎన్నింటికి?"

"నాలుగున్నరకి," అని నీళ్లు నమిలాడు లక్ష్మీకాంత్.

"అది రాహుకాలమే తల్లీ!" అన్నాడు రత్తయ్య.

"నువ్వు ఆరు దాటాక రా తాతయ్యా. నేను పిట్టల టైముకే వస్తా."

రత్తయ్య మనవరాలినీ, మడుగు నీళ్లు కారుతున్న ఆ మనిషినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత భుజం మీది కండువా తీసి అతనికందించాడు.

"ముందు చెవిలో నాచు తీసుకో అబ్బాయ్."