పైకి చదివి వినిపించిన మెసేజ్

నిన్న రాజమండ్రి చేపల మార్కెట్ పక్కన బండి ఆపితే, ఎవరో ఐసు పెట్టె మూత తీశారు. చల్లటి రొయ్యల వాసన ముక్కుకు తగలగానే చేతిలో ఉన్న ఫోన్ దానంతటదే జేబులోకి వెళ్లిపోయింది. ఆ అలవాటు సత్యవతి గారి వల్ల వచ్చింది.

భీమవరం దగ్గర రొయ్యల ఫ్యాక్టరీలో ఆవిడ ఫ్లోర్ మేనేజర్. అప్పట్లో నేను హైదరాబాద్ నుంచి వచ్చిన కొత్త హెచ్‌ఆర్‌ని. ఉద్యోగుల మనస్తత్వం మీద రెండేళ్లు చదివాను కాబట్టి మనుషులు నాకు తెలుసనుకున్నాను. వచ్చీ రాగానే ఎవరు ఎన్ని కిలోల రొయ్యలు ఒలిచారో రోజూ ఫోన్‌లో ఫ్యాక్టరీ గ్రూప్‌లో చార్ట్ పెట్టేవాణ్ణి. మూడో బల్ల దగ్గర కూర్చునే నాగమణి గారిది ఎప్పుడూ ఆఖరి పేరే. చేయి వేగం పెంచమని రెండుసార్లు చెప్పాను. ఆవిడ నవ్వి ఊరుకున్నారు. ఆ నవ్వుకి నాకు ఒళ్లు మండింది. రేపటి నుంచి మీరు రావక్కర్లేదని, అందరూ ఉన్న ఆ గ్రూప్‌లోనే మెసేజ్ పెట్టేశాను.

మర్నాడు మూడో బల్ల ఖాళీ. అక్కడ కూర్చునే ఎనిమిది మందిలో ఒక్కరూ రాలేదు. సాయంత్రం ఎగుమతి రొయ్యల కంటెయినర్ వెళ్లాలి. నా ఉద్యోగం ఆ సాయంత్రంతో సరి అనుకున్నాను. సత్యవతి గారు కేకలేయలేదు. "మనిషిని ఫోన్‌లోనే తీసేశారా బాబూ? పదండి, ఇంటికెళ్లి పిలుద్దాం" అని ఆటో ఎక్కించారు.

నాగమణి గారు అరుగు మీద బియ్యం ఏరుతున్నారు. నేను ఏదో సర్దిచెప్పబోయాను. ఆవిడ తలెత్తకుండానే అన్నారు: "నాకు చదువు రాదండి. మా కోడలు పైకి చదివి వినిపించింది. రావద్దన్నచోటే రమ్మనండి, వస్తాను."

అక్కడే నిలబడి, అదే గ్రూప్‌లో, తప్పు నాదని టైప్ చేశాను. కోడలు దాన్నీ పైకే చదివింది.

మధ్యాహ్నానికి అందరూ వచ్చారు. సత్యవతి గారు నా ఫోన్ తీసుకుని సొరుగులో పడేసి, గంటసేపు మూడో బల్ల దగ్గర నిలబడమన్నారు. నాగమణి గారికి అటూ ఇటూ ఇద్దరు కొత్త పిల్లలున్నారు. వాళ్లు సరిగా తీయని నల్ల నరాన్ని ఈవిడ తీసి, ఆ రొయ్యని మళ్లీ వాళ్ల ట్రేలోనే వేస్తున్నారు. ఆవిడ కష్టమంతా వాళ్ల పేర్ల పక్కన పడుతోంది. నా చార్ట్‌లో దానికి చోటే లేదు.

"ముందే చెప్పొచ్చు కదండీ" అన్నాను ఉక్రోషంగా.

"చెబితే టైప్ చేసుకుంటారు. చూస్తే గుర్తుంటుంది" అన్నారు సత్యవతి గారు.

నా కోపం ఇప్పటికీ తగ్గలేదు. మెసేజ్ టైప్ చేయడం వరకూ వెళతాను. పంపే ముందు మాత్రం, అవతలివాళ్ల ఇంట్లో ఎవరో దాన్ని పైకి చదువుతున్నట్టు అనుకుని ఒకసారి వింటాను. చాలావరకు చెరిపేస్తాను.