ఆరు నాటకాలకు ఒకే గది

ఆమెను ఊరంతా తాళాలక్క అంటారు. అరవై నాలుగేళ్ళ మనిషి. పొద్దున తొమ్మిదింటికి పాత ఐసు ఫ్యాక్టరీ తలుపు ముందు నిలబడి, నడుముకు వేలాడే గుత్తిలోంచి చూడకుండానే పొడుగు తాళంచెవిని వేళ్ళతో పట్టుకుంటుంది. అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేక చాలా కాలమైంది. ఉత్తరం మీద "తాళాలక్క, ఐసు ఫ్యాక్టరీ" అని రాసినా తిన్నగా వచ్చి చేరుతుంది.

అక్కడ ఐసు చేయడం ఎప్పుడో మానేశారు. యంత్రాలు అమ్ముడుపోయాక మిగిలిన పెద్ద గదిని ఓనరు నెలవారీ అద్దెకు నాటక సమాజానికి ఇచ్చాడు. చలి బయటికి పోకుండా గోడల్లో అడుగు మందాన రంపపు పొట్టు కూరి ఉంది. అందుకే లోపల గొంతు మోగదు, మాట ముద్దకట్టకుండా విడివిడిగా వినిపిస్తుంది. నేల మాత్రం ఎండాకాలంలో కూడా జిల్లుమంటుంది. ముందు వరుసలో కూర్చునేవాళ్ళు కాళ్ళు పైకి ముడుచుకుని నాటకం చూస్తారు.

పొద్దున డాన్సు క్లాసు, మధ్యాహ్నం పెద్దవాళ్ళ పాటల బృందం, సాయంత్రం రిహార్సళ్ళు. ఏ ఒక్కరికీ జీతం లేదు. కొత్తగా చేరడానికి వచ్చినవాళ్ళకు తాళాలక్క మొదటిరోజే చెప్పేసేది: "ఇక్కడ జీతాలు లేవు, చీపుర్లున్నాయి. ఏ సైజు కావాలో చూసుకోండి."

ఆమె చేతివృత్తి బట్టలు కుట్టడం. హాలుకు ఆమెను లాక్కొచ్చింది తమ్ముడు. దుకాణాలకు బోర్డులు రాసే పెయింటరు. తల్లి పోయినప్పుడు వాడికి ఎనిమిదేళ్ళు, ఆమెకు పదిహేడు. కుట్టుమిషను మీదే వాణ్ణి పెంచింది. ఇరవై ఆరేళ్ళ కిందట వాడు నలభై గజాల గుడ్డ భుజాన వేసుకొచ్చి, "అక్కా, చిన్న కుట్టుపని ఉంది" అన్నాడు. ఆ చిన్న పని పదకొండు రోజులు పట్టింది. స్టేజీ ముందు తెర అది. తగిలించడానికి వెళ్ళిన మనిషి లోపలి దుమ్ము చూసి ఊరుకోలేక చీపురందుకుంది. ఏడాది తిరిగేసరికి తాళాలు ఆమె నడుముకు చేరాయి. స్టేజీ ఎక్కమని ఎందరు బతిమాలినా ఒకటే జవాబు.

"నాకు అబద్ధమాడటం రాదు."

"మాకేదో పుట్టుకతో వచ్చినట్టు!" అనేవాడు మందుల షాపాయన. ఏ నాటకంలోనైనా తప్పనిసరిగా ఉండేవాడు అతనే. ఏ వేషం ఇచ్చినా సొంత మీసం తీయడు.

గదులు, కోటలు, వీధులు అన్నీ తమ్ముడు వేసేవాడు. కర్ర చట్రాలకు గుడ్డ బిగించి ఆరు గోడలు చేశాడు. వాటినే అందరూ గుడ్డగోడలంటారు. ప్రతిసారీ కొత్త గుడ్డ కొనే స్తోమత సమాజానికి ఎక్కడిది? నాటకం అయిపోగానే సుద్దలో జిగురు కలిపి గోడలకు పూసేయడం, ఆరాక దాని మీదే కొత్త గది వేయడం. జైలు కింద వంటిల్లు, వంటిల్లు కింద రాజసభ, దాని కింద రైల్వే స్టేషను. అలా ఇరవై నాలుగేళ్ళు పొర మీద పొర పడి, మొదట్లో ఒక్క మనిషి ఎత్తుకెళ్ళిన గోడను ఎత్తడానికి ఇప్పుడు ముగ్గురు కావాలి.

అతను వేసిన ఆఖరిది నీలం గది. ఒక డాక్టరుగారింటి ముందుగది. ఎడమవైపు కిటికీ, కిటికీలోంచి కనబడే దీపస్తంభం, మధ్యలో తలుపు, కుడివైపు వరసగా కోట్లు తగిలించుకునే కొక్కేలు. కొక్కేలు ఎంత నిజంగా ఉంటాయంటే, రిహార్సల్లో మందుల షాపాయన రెండుసార్లు తువ్వాలు తగిలించబోయి కింద పడేశాడు. మూడు ఆటలు పడ్డాక నాలుగోరోజు, ఒక చెప్పుల దుకాణం బోర్డుకు పసుపు వేస్తూ తమ్ముడు నిచ్చెన మెట్టు మీదే కూర్చుండిపోయాడు. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది.

నెల తర్వాత కొత్త నాటకం కోసం అందరూ సుద్ద బకెట్లతో వచ్చారు. తాళాలక్క గోడలకు అడ్డంగా నిలబడింది.

"ఈసారికి ఉండనివ్వండి."

ఆ మనిషితో అప్పుడు ఎవరు వాదిస్తారు? ఉండనిచ్చారు. నాలుగు నెలలకు మళ్ళీ అదే మాట, "ఈసారికి." మూడోసారి అడిగే ధైర్యం కూడా ఎవరికీ లేకపోయింది.

ఇబ్బందంతా క్యాషియరుగారి నెత్తిన పడింది. బ్యాంకులో క్యాషియరుగా రిటైరయిన ఆయనే సమాజానికి డైరెక్టరు, నాటకాలు రాసేది కూడా ఆయనే. ఇప్పుడాయన కథ కోసం కాదు, గది కోసం నాటకాలు రాయాల్సి వచ్చింది. వకీలు ఇల్లు అన్నారు, హోటల్లో గది అన్నారు, అద్దెకుండే టీచరమ్మ కొంప అన్నారు. రాజుగారి నాటకం వచ్చేసరికి వేరే దారిలేక మంత్రి చేత ఒక మాట చెప్పించారు: "ప్రభూ, అంతఃపురానికి నీలం వేయించిన పాపానికి ప్రజలు పన్నులు కట్టం అంటున్నారు." హాలు గొల్లుమంది. ఆరో నాటకానికి మాత్రం ఎవరూ నవ్వలేదు. టికెట్ల బల్ల దగ్గర ఒకావిడ తొంగిచూసి, "ఇదే ఇల్లా మళ్ళీ? ఇన్నిసార్లు వచ్చాం, అద్దె మేమే కట్టాలేమో" అని భర్తను రెక్క పట్టుకుని వెనక్కి తీసుకెళ్ళిపోయింది.

ఆ మాటలు తాళాలక్క చెవిన పడ్డాయి. పడనట్టే ఉంది.

హాలు అద్దెలో సగం డాన్సు క్లాసు నుంచి, సభ్యుల చందాల నుంచి వచ్చేది. మిగతా సగానికి సాంస్కృతిక శాఖ ఏటా ఇచ్చే సాయమే ఆధారం. ఏడాదికి మూడు కొత్త నాటకాలు వేయాలి, వాళ్ళ ఇన్‌స్పెక్టరు రెండు చూసి రిపోర్టు రాయాలి. ఆ ఏడాది రిపోర్టు చదివి క్యాషియరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు. ఒకే నాటకాన్ని పేరు మార్చి రెండుసార్లు వేశారని, అందుకని సాయం నిలిపివేస్తున్నామని అందులో ఉంది.

మర్నాడే ఆయనా తాళాలక్కా ఆ ఆఫీసుకు వెళ్ళారు. ఇన్‌స్పెక్టరు నెమ్మదైన మనిషి. కుర్చీలు వేయించాడు.

"రెండూ వేరు వేరు నాటకాలండీ," అంది తాళాలక్క.

"గది అదేనమ్మా."

"గది ఒకటేనండీ. మొదటిది వకీలు కథ, రెండోది హోటలు కథ."

"అందులో ఉన్న మీసాలాయన కూడా ఒకడే."

"ఆయన మా మందుల షాపాయనండీ. ఎందులోనైనా ఉంటాడు."

ఇన్‌స్పెక్టరు పెన్ను మూత పెట్టాడు. "అమ్మా, నేను నాటకాలు బాగా తెలిసినవాణ్ణి కాను. ఆరింటికి ఆఫీసు ముగించుకుని వచ్చి, ఆ నీలం గోడ చూశాను. ఇది చూసిందేగా అనిపించి కాస్త కునుకు తీశాను. నా తప్పు కూడా ఉంది. వచ్చే నెల ఇంకొకటి వేయండి, వస్తాను, మెలకువగా చూస్తాను. కానీ ఆ గోడే మళ్ళీ కనబడితే పైవాళ్ళకు ఏమని రాయను?"

దారి పొడుగునా క్యాషియరుగారు నీళ్ళు నములుతూ నడిచారు. హాలు తలుపు దగ్గరికొచ్చాక అసలు సంగతి బయటపెట్టారు.

"అక్కా, ఈసారి నది మధ్య పడవ మీద జరిగే కథ రాస్తున్నాను."

"రాయండి. ఎవరొద్దన్నారు?"

"పడవలో కిటికీ, కొక్కేలు ఉండవు కదా."

"ఏదో కేబిన్ అనండి."

"దీపస్తంభమో? నది మధ్యలో?"

ఆమె ఒంటికాలి మీద లేచింది. "రెండేళ్ళు ఎలా నెట్టుకొచ్చారో అలాగే నెట్టండి! అంత కష్టమైతే తాళాలు తీసుకోండి!" గుత్తి విప్పి ఆయన చేతిలో పెట్టబోయింది. ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నారు.

ఆ సాయంత్రం ఆమె మరదలి దగ్గరికి వెళ్ళింది. తమ్ముడి భార్య బస్‌స్టాండులో టికెట్ల కౌంటరులో పని చేస్తుంది. భర్త పోయాక హాలు గడప తొక్కలేదు. తాళాలక్క మనసులో లెక్క ఒకటి ఉంది. గోడ చెరపొద్దని మరదలు ఒక్క మాట అంటే చాలు, ఇక ఎవరూ నోరెత్తలేరు. అందుకే జరిగిందంతా చెప్పి, "నువ్వొకసారి వచ్చి చూడు. ఆపైన నీ ఇష్టం" అంది.

మర్నాడు మధ్యాహ్నం మరదలు వచ్చింది. స్టేజీ ముందు నిలబడి, చేతిసంచి కూడా దించకుండా చాలాసేపు చూసింది.

"రెండేళ్ళుగా నువ్వు కాపాడుతున్నది దీన్నా?"

"అవును."

"ఇది ఆయనకు నచ్చనే లేదు వదినా."

తాళాలక్క ఏం విన్నదో తనకే అర్థం కానట్టు చూసింది.

"ఇంటికొచ్చి ఒకటే సణుగుడు. లాండ్రీ వాళ్ళ బోర్డుకు కలిపిన నీలం మిగిలిందట. పారెయ్యడానికి చేతులు రాక ఇక్కడ కొట్టేశాడు. 'మా అక్క పొదుపు నాకూ అంటుకుంది, డాక్టరు ఇల్లు కాస్తా లాండ్రీలా తయారైంది' అన్నాడు. నాలుగు ఆటలు గట్టెక్కితే చాలు, తొందరగా సుద్ద కొట్టేస్తానన్నాడు."

"నాతో అనలేదే!"

"నీతో అంటే రంగు దండగ, గుడ్డ దండగ అంటావని."

తాళాలక్కకు ముందు కోపమే వచ్చింది. మరదలి మీద, తమ్ముడి మీద, ఆ లాండ్రీ మీద కూడా. "నచ్చకపోతేనేం? వాడు చేత్తో వేసిందేగా."

"ఆయన వేసినవన్నీ నువ్వే దగ్గరుండి చెరిపించావు. ఇరవై నాలుగేళ్ళు. ఒక్కసారైనా బాధపడ్డావా?"

"అప్పుడు మళ్ళీ వేసేవాడున్నాడు."

 మరదలు సంచి ఒళ్ళో పెట్టుకుని ముందు వరుసలో కూర్చుంది. నేల చల్లదనానికి కాళ్ళు పైకి ముడుచుకుంది. తాళాలక్క పక్క కుర్చీలో కూర్చుంది. ఇద్దరూ గోడను చూస్తూ ఉండిపోయారు. చెప్పాక చూస్తే అది లాండ్రీ నీలమే. ఆ సంగతి ఇన్నాళ్ళూ కంటికి ఆనలేదు.

మూడింటికి పాటల బృందం వచ్చింది. పన్నెండు మంది, అందరూ డెబ్భై దాటినవాళ్ళే. కుర్చీలు అర్ధచంద్రంగా జరుపుకుంటున్నారు. వాళ్ళలో రిటైరయిన నర్సమ్మ దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగింది.

"ఏదో విన్నాం. వచ్చే నెల నుంచి హాలు ఉంటుందా అక్కా? లేదంటే ఇప్పటి నుంచే వేరేచోటు చూసుకోవాలి. మా ఇళ్ళల్లో పాడితే కోడళ్ళు టీవీ సౌండు పెంచుతారు."

"ఉంటుంది," అంది తాళాలక్క.

అనేశాక తెలిసింది ఏమందో. నర్సమ్మ వెనక్కి తిరిగి "ఉంటుందట!" అని అందరికీ కేకేసి చెప్పింది. వాళ్ళు పాట అందుకున్నారు. ఇక ఆ మాట వెనక్కి తీసుకోవడానికి లేదు.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి గుడ్డగోడలను వెనక పెరట్లోకి దించారు. ఒక్కో గోడకు ముగ్గురు. సమాజంలో ఎవరూ రాయని కట్టుబాటు ఒకటి ఉండేది: ఏ గదిలో నటించారో ఆ గదికి వాళ్ళే సుద్ద పూయాలి. మామూలుగా ఐదారుగురు వచ్చేవాళ్ళు. ఆరు నాటకాలు ఒకే గదిలో ఆడటంతో ఆరోజు పందొమ్మిది మంది తేలారు. బ్రష్షులు మాత్రం ఏడు. వకీలు, టీచరమ్మ, మంత్రి వంతులేసుకుని నిలబడ్డారు. "నేను ఆరింట్లోనూ ఉన్నా, నాకు రెండు బ్రష్షులు రావాలి" అని మందుల షాపాయన గొడవ.

తాళాలక్క పొయ్యి మీద జిగురు కాచి సుద్దలో పోసి కలిపింది. గడ్డలు కట్టకుండా చేత్తోనే పిసికింది. చేతులు మోచేతుల దాకా తెల్లగా అయ్యాయి. మరదలు బకెట్లు అందిస్తోంది. కొక్కేలు పోయాయి, తలుపు పోయింది. కిటికీ ఉన్న గోడ దగ్గరికి వచ్చేసరికి ఎవరికి వాళ్ళు పక్కవాడి మొహం చూడటం మొదలుపెట్టారు. మందుల షాపాయన తన బ్రష్షు తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"అక్కాయ్, ఇది నువ్వు వెయ్యి."

"నేను నటించలేదుగా."

"నాలుగో నాటకం నుంచీ 'జనం బానే వస్తున్నారు' అన్నదెవరు? నువ్వేగా. అది నటన కాదా?"

 తాళాలక్క అతన్ని ఎగాదిగా చూసి, "ముందు నీ మీసానికి పూస్తా ఆగు" అని బ్రష్షు లాక్కుంది. నవ్వులు తగ్గాక దీపస్తంభం పైనుంచి మొదలుపెట్టి కిందికి వేసుకుంటూ వచ్చింది. కుట్టు వేసినట్టు తిన్నగా, ఒకదాని అంచు ఒకటి పట్టుకునేలా.

పూయడం అయిపోయింది. కానీ తడి సుద్ద కింద రంగు దాగదు. కిటికీ, స్తంభం, నీలం అన్నీ పొగమంచు పట్టినట్టుగా కనబడుతూనే ఉన్నాయి. కొత్తగా చేరిన ఒకమ్మాయి ఇది చూసి కంగారుపడింది. "ఏం పోలేదే! ఇంకో పూత వేద్దామా?"

"ఆరనీ. ఆరితే అదే పోతుంది," అంది మరదలు.

మిగతావాళ్ళు చేతులు కడుక్కుని టీకి వెళ్ళారు. పెయింటరు లేడు కాబట్టి పడవ నాటకానికి ఏ బొమ్మా వద్దని, తెల్లగోడే ఆకాశమనుకోమని క్యాషియరుగారు అప్పటికే తేల్చేశారు. తర్వాతి నెల ఇన్‌స్పెక్టరు వచ్చి, ముందు వరుసలో కాళ్ళు ముడుచుకుని ఆఖరిదాకా మెలకువగానే కూర్చున్నాడు. ఆగిన సాయమూ వచ్చింది.

ఆ ఆదివారం మాత్రం తాళాలక్క పెరట్లోనే ఒక స్టూలు వేసుకుని కూర్చుంది. ముందు పై అంచు తెల్లబడింది. తర్వాత కిటికీ ఒక మూల. స్తంభం సగం ఇంకా ఉంది. పదకొండయ్యేసరికి పక్కింటి గోడ నీడ జరిగి, గుడ్డగోడ కింది సగాన్ని కమ్ముకుంది. అక్కడ తడి ఆగిపోయి నీలం అలాగే నిలిచింది. ఆమె దాన్ని కొంతసేపు చూసింది. తర్వాత లేచి, టీ తాగి వస్తున్నవాళ్ళను పిలిచింది.

"ఇలా రండర్రా, ముగ్గురు. దీన్ని ఎండలోకి జరపాలి."